నల్లపట్ట మీద కలువలు

పెళ్లయిన తొలి ఆషాఢం పుట్టింట్లో గడిపి, శ్రావణం రాగానే అత్తగారింటికి బయల్దేరాను. చిత్తూరు బస్టాండులో దిగినప్పుడు చీరల పెట్టె మా ఆయన నెత్తిన ఉంది. నా చంకలో మాత్రం ఒక తడి గోనెసంచి ఉంది. దారి పొడవునా దాంట్లోంచి నల్లనీళ్లు కారుతూనే వచ్చాయి. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ రెండుసార్లు చీర దులుపుకుని, మూడోసారి లేచి వెనక సీటుకు వెళ్లిపోయింది. కండక్టరు ముక్కు మూసుకుని, "ఏందమ్మా, సేపలా?" అన్నాడు.

"కలువ దుంపలు" అన్నాను.

అతను నా మొహం, మా ఆయన మొహం మార్చి మార్చి చూసి, "కొత్త సంసారం గదప్పా, ఓర్సుకోవాల" అని మా ఆయనకు ధైర్యం చెప్పి ముందుకు పోయాడు. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ముందు పని చేసేసి తర్వాత అడగడం నా అలవాటు. ఆ సంచి గురించి ఇంట్లో ఎవరినీ అడగలేదు.

కార్వేటినగరం దగ్గర మా ఊరు. పెరటి తలుపు తీస్తే చెరువు. పళ్లు తోముకుంటూ చూసేది ఆ నీళ్లనే, అమ్మ తిట్టినప్పుడు పోయి కూర్చునేది ఆ గట్టునే. చిత్తూరు ఇంట్లో అన్నీ ఉన్నాయి. మిద్దె ఇల్లు, వెనక గిలక బావి, ముందర విశాలమైన వాకిలి, రెండు రోజులకోసారి వచ్చే కొళాయి. కూర్చుని చూసేందుకు నీళ్లు మాత్రం లేవు. ఇది ఎవరితోనైనా చెబితే నవ్వుతారని నోరు మెదపలేదు.

ఇంకో సంగతీ ఉంది. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ నేను రాకముందే దాని చోట అది కూర్చుని ఉంది. ఉప్పు జాడీ ఎక్కడుండాలో, చేట ఏ మేకుకు తగిలించాలో అంతా మా అత్త చట్టం. మా పెళ్లిలో మట్టి పాలికల్లో మొలకెత్తించగా మిగిలిన నవధాన్యాలను పసుపు గుడ్డలో మూటకట్టి దేవుని గూట్లో పెట్టింది. దానికీ ఒక చోటుంది. శుక్రవారం గూడు తుడిచేటప్పుడు ఎత్తి మళ్లీ అక్కడే పెట్టాలి, అంగుళం జరిగినా ఆమెకు తెలిసిపోయేది. మంచి మనిషే, అన్నం పెట్టేటప్పుడు చెయ్యి ధారాళం. కానీ మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆ గొంతు విన్నప్పుడల్లా నేనింకా ఆ ఇంటికి వచ్చిన చుట్టాన్నే అనిపించేది.

నీళ్ల ఆలోచన పుట్టించింది మా ఆయనే. ఆయన బెల్లం మండీలో గుమాస్తా. నేను ఆషాఢానికి పుట్టింటికి పోకముందు ఒక రాత్రి అన్నాల దగ్గర నవ్వుతూ చెప్పాడు. వాన తడపకుండా బెల్లం దిమ్మల మీద నల్లటి ప్లాస్టిక్ పట్ట కప్పుతారట. అది రెండు దిమ్మల మధ్య జారి గుంట పడి, వాననీళ్లతో నిండిందట. "నాలుగు దినాలైనా సుక్క తగ్గలే. కాకులొచ్చి స్నానాలు సేస్తాండాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, లెక్క వేసుకున్నాను. మా వాకిలి మట్టి ఎర్ర గరుసు, బిందెడు పోస్తే గుటకేసినట్టు తాగేస్తుంది. మధ్యలో ఆ పట్ట ఉంటే తాగలేదు కదా.

సంచి వసారాలో దించగానే మా అత్త వచ్చింది. కడిగి ముగ్గు పెట్టిన గచ్చు మీద మా ఊరి చెరువు బురద పాయలు పాయలుగా పారుతోంది.

"ఏందిమ్మే ఇది? పుట్టింటినుంచి అరిసెలు తెస్తారు, సీరలు తెస్తారు. నువ్వు బురద తెస్తివా?"

"కలువ దుంపలు అత్తా. వాకిట్లో చిన్న నీళ్లగుంట కట్టుకుంటా."

"యాడ? మన వాకిట్లోనా? తాగే నీళ్లకే బావిలో తాడు సాలడం లే. దోమలకు ఇల్లు కడతావా?" అంటూనే చీపురందుకుంది. ఆ చీపురు చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. బురదను కాదు, నన్నే ఊడ్చేస్తున్నట్టు కళ్లనీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

కాపాడింది మా మామ. ఊళ్లో సేద్యం చేసిన రోజుల్లో ఎన్నో బావులు దగ్గరుండి తవ్వించిన మనిషి. భూమి కౌలుకిచ్చి టౌనుకొచ్చాక చేతులకు పని లేక, గడ్డపారను, పారను రోజూ తుడిచి పెట్టేవాడు. గుంట అనే మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "తవ్వుకోనీలే. బాయి నీళ్లు ముట్టొద్దు, మిద్దె మీద వాననీళ్లు ఊరికే పోతాండాయి గదా" అన్నాడు.

మా అత్త చాలాసేపు గొణిగి, చివరికి షరతు పెట్టింది. "కార్తీకం అయిపోయేలోగా ఒక్క పువ్వు సూపించు. పూయలేదా, గుంత పూడ్సి వంగ నారు పెడతా. మల్లా నువ్వు మూతి ముడుసుకోగూడదు."

"సరే" అన్నాను. పంతం పువ్వు కోసమే అయితే ఇంత గుర్తుండేది కాదు. ఆ గుంట నిలిస్తే నేను ఆ ఇంటిదాన్ని, పూడిస్తే ఎప్పటికీ పరాయిదాన్ని అని నాకు నేనే తీర్మానం చేసేసుకున్నాను. అంత పెద్ద తీర్మానం చేసుకున్నానని ఎవరికీ తెలియదు పాపం.

మర్నాడే మామ ముగ్గుపిండితో నేల మీద గీత గీశాడు. రెండు నులక మంచాలు పక్కపక్కన వేసినంత చోటు. మధ్యలో మోకాళ్ల పైదాకా లోతు, చుట్టూ జానెడు వెడల్పున మెట్టు. "నిలువుగా తవ్వితే మట్టి జారుతాది, వాలుగా రావాల" అని ఆయన చెబుతూ తవ్వుతుంటే నేను గంపతో మట్టి ఎత్తి పోశాను. మా ఆయన ఆదివారం ఒక్కరోజు గడ్డపార పట్టి, సోమవారమంతా నడుం పట్టుకుని మండీకి సెలవు పెట్టాడు.

అంచు నాలుగు వైపులా ఒకే ఎత్తున ఉండాలి, లేకపోతే నీళ్లు ఒక పక్కకే వచ్చి రెండో పక్క పట్ట బోడిగా కనబడుతుంది. మామ గుంట మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు వెదురు పలక వేసి, దాని నడుమ అంచుదాకా నీళ్లు పోసిన లోటా పెట్టేవాడు. ఏ వైపు తొణికితే ఆ వైపు మట్టి పెంచాలి. ఇలా పన్నెండుసార్లు తిప్పాడు. లోటా తొణకని క్షణాన ఇద్దరం చప్పట్లు కొట్టాం. వంటింటి కిటికీలో ఒక తల టక్కున వెనక్కి పోయింది.

తర్వాత రాళ్లు ఏరడం. పట్టను చింపేది పదునైన చిన్న గులకే. గుంటలో కూర్చుని అరచేత్తో అంగుళం అంగుళం తడుముతూ ఏరాను. ఆపైన ఊరి పక్కనే పారే నీవా ఏటి ఇసక నాలుగు వేళ్ల మందాన పరిచాం. అప్పటికి చీకటి పడుతోంది, పట్ట పొద్దున వేద్దామని వదిలేశాం.

పొద్దున లేచి చూస్తే ఇసక మధ్యలో ఎవరో అరచేత్తో సరిచేసినట్టు నున్నగా ఉంది. మామ పనే అనుకున్నాను. మామ నేననుకున్నాడు. ఒకరినొకరం అడగలేదు.

పట్ట మండీ నుంచి వచ్చింది. రెండు వానాకాలాలు బెల్లం మీద కాపలా కాసి విశ్రాంతి తీసుకుంటున్న పట్ట అది. బావి దగ్గర కుంకుడు రసంతో నాలుగుసార్లు కడిగినా తియ్యటి వాసన వదలలేదు. ఆరేసిన అరగంటకు వీధిలోని చీమలన్నీ చుట్టపుచూపుగా వచ్చాయి. ఎండకు మెత్తబడ్డాక నలుగురు నాలుగు కొసలూ పట్టి గుంటలోకి దించాలి. ముగ్గురమే ఉన్నాం. నాలుగో కొసకు మా అత్తను పిలిస్తే, "నాకు పొయ్యి మీద పప్పు ఉండాది" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ కొసకు రుబ్బురాయి పొత్రం పెట్టాం.

చదరపు పట్ట గుండ్రటి గుంటలో కూర్చోదు, వంపుల దగ్గర ముడతలు పడుతుంది. మగవాళ్లిద్దరూ లాగి లాగి అలసిపోయారు. నేను దిగి చీర కుచ్చిళ్లు పోసినట్టు మడతలన్నీ ఒకే వైపుకు పెట్టి, కాలితో తొక్కి నిలబెట్టాను. అంచుల మీద బండరాళ్లు వరసగా పేర్చాం. మిద్దె మీది వాననీళ్లు పడే గొట్టం నుంచి గుంటదాకా పాత తాటిదోనె ఒకటి వాలుగా అమర్చాడు మామ. ఇక వాన రావాలి.

మూడు రోజులు ఆకాశం మమ్మల్ని ఏడిపించింది. నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది చూడండి వాన! మామ పంచె ఎగగట్టి దోనె పట్టుకుని నిలబడ్డాడు. నేను గుంట పక్కన తడిసి ముద్దయిపోయి, నీళ్లు మెట్టెక్కుతుంటే "మెట్టెక్కినాయి మామా, మెట్టెక్కినాయి!" అని కేకలు. మండీ నుంచి పరుగెత్తుకొచ్చిన మా ఆయన గొడుగు తెరవడం కూడా మర్చిపోయాడు. నల్లపట్ట మీద నీళ్లు అద్దంలా మెరిశాయి. అన్నాళ్ల తర్వాత చూసేందుకు నీళ్లు దొరికాయి నాకు. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు, సంతోషం కడుపంతా నిండిపోయింది.

దుంపలను బంకమట్టి నింపిన పాత వెదురు గంపల్లో నాటి, పైన ఇసక చల్లి మెల్లగా దించాం. దోమల లార్వాను తినేందుకు మా ఆయన ఎవరి వరిమడో వెతికి బొచ్చెడు చేపపిల్లలు పట్టుకొచ్చాడు. ఎనిమిది రోజులకు మొదటి ఆకు పైకొచ్చి, నీళ్ల మీద అణా కాసంత వెడల్పున పరుచుకుంది. నేను రోజుకు ఇరవైసార్లు వెళ్లి చూసేదాన్ని.

అప్పుడే అడుగున చిన్న చిన్న బొడిపెలు కనబడ్డాయి. పట్ట కింద నుంచి ఎవరో వేళ్లతో పొడుస్తున్నట్టు. మామను పిలిస్తే, "గాలి పట్టింటాది, అదే పోతాదిలే" అన్నాడు.

పోయింది గాలి కాదు, నీళ్లు. అంచు రాతి మీద బొగ్గుతో గీత పెట్టి రోజూ చూశాను. మొదటి రోజు రెండు వేళ్లు దిగింది. ఎండకనుకున్నాం. మర్నాడు నాలుగు వేళ్లు దిగింది. ఏ ఎండా అంత తాగదు. చిల్లి ఎక్కడో కనుక్కోవాలని, చీరలకు పెట్టే నీలం తెచ్చి నీళ్లలో కలిపాను. రంగు ఎటు లాగితే అటు చిల్లి ఉన్నట్టని నా తెలివి. రంగు ఎటూ లాగలేదు, గుంటంతా నీలమైపోయింది. చేపపిల్లలు నీలం నీళ్లలో బిత్తరపోయి తిరుగుతుంటే మా ఆయన నవ్వాపుకోలేక వీధిలోకి వెళ్లి నవ్వొచ్చాడు. అయిపోయిన నీలం డబ్బా చూసి మా అత్త అన్న మాటలు ఇక్కడ రాయను.

వారానికి గుంట సగమైంది. మా అత్త వసారాలో నిలబడి వీధికంతా వినబడేలా అంది. "బెల్లం పట్ట వేస్తే ఎలకలు రాక ఏనుగులొస్తాయా? కడిగినామంటారు, వాసన యాడికి పోతాది? ఆ మాత్రం తెలివి ఉండొద్దా?"

నేనూ మా ఆయనా తలలొంచుకున్నాం. పట్ట తెచ్చింది ఆయన, తెమ్మన్నది నేను. నీళ్లు తగ్గేకొద్దీ నా లోపలా ఏదో ఇంకిపోతోంది. కార్తీకం దాకా ఎందుకు, భాద్రపదంలోనే వంగ నారు వచ్చేట్టుంది. నాకు నిజంగా భయం వేసింది.

చివరికి ఒక ఆదివారం పొద్దున చేపలను గంగాళంలోకి, కలువ గంపలను బావి దగ్గరి తొట్టిలోకి మార్చి, మిగిలిన నీళ్లు తోడేశాం. అడుగున పట్టకు నాలుగు చిల్లులు, అంచులు పంటితో కొరికినట్టు. రాళ్లు తీసి పట్ట ఎత్తాం. మా అత్త కూడా చేతులు కట్టుకుని వచ్చి నిలబడింది, బెల్లం మాట ఇంకోసారి అనేందుకు.

పట్ట కింద ఇసకలో పందికొక్కు చేసిన సొరంగం, చెయ్యి పట్టేంత. దాని చుట్టూ తెల్లటి మొలకలు. పెసలు, ఉలవలు, అలసందలు, వెలుతురు చూడక పాలిపోయి పట్టను తలతో ఎత్తాలని చూసినట్టు వంకర్లు తిరిగి ఉన్నాయి. సగం కొరికేసినవీ ఉన్నాయి. మొలకల మధ్య చిరిగిన పసుపు గుడ్డ.

ఆ గుడ్డ నాకు తెలుసు. ప్రతి శుక్రవారం ఎత్తి పెట్టిన మూట అది. శ్రావణం రెండో శుక్రవారం గూట్లో కనబడకపోతే, అత్త పెట్టెలో దాచిందనుకున్నాను.

మామ గుడ్డను రెండు వేళ్లతో పైకెత్తి, "ఇదేందమ్మే?" అన్నాడు తన భార్యకేసి చూసి.

మా అత్త మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గలేదు. "ఏంది నన్నట్ల సూస్తారు? నీళ్లకని భూమి తవ్వి, పసుపూ గింజలూ పెట్టకుండా ఉత్తసేతుల్తో నీళ్లు పోస్తారా ఎవురన్నా? బాయిలు తవ్విచ్చినావు, నీకన్నా తెలీదా? ఊర్లో మన గుండ్రాయి బాయికి పెట్టకనే గదా అడుగున బండ పడింది! పొద్దన్నే లేసి నేనే పెట్టినా."

"నువ్వు ఈ గుంతే వద్దంటివి గదా" అన్నాడు మామ.

"వద్దంటి. అయితే తవ్వినాక? బిడ్డ అంత ఆశగా కట్టుకుంటే ఎండిపోనీమంటావా? ఎండిపోకూడదనే పెట్టినా!"

ఆ మాటతో మామకు నవ్వు ఆగలేదు. "పందికొక్కులకు పెండ్లి భోజనం పెట్టినావు పో!" అంటూ గట్టు మీదే కూర్చుండిపోయాడు. మా ఆయన గుంటలోనే వంగి పొట్ట పట్టుకున్నాడు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. రెండు వారాలుగా బెల్లం బెల్లం అని మమ్మల్ని చీల్చి చెండాడిన మనిషి, మా పెళ్లి గింజలను తెచ్చి నా గుంట కింద పెట్టింది! మా అత్త కాసేపు బిగుసుకుని నిలబడి, ఇక లాభం లేదని తానూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

రెండోసారి మామ పని గట్టిగా చేశాడు. పెంకుముక్కలు, సున్నం కలిపి అడుగంతా దిమ్మిసతో కొట్టాడు, పందికొక్కు పళ్లూడేట్టు. మీద ఇసక, ఇసక మీద పాత గోనెసంచులు, ఆపైన మండీ యజమానిని బతిమాలి తెచ్చిన కొత్త పట్ట. గోనెలు పరిచే ముందు మా అత్త దూరంగా వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి, "ఈసారి నేనేం పెట్టనులేబ్బా. మీ ఇష్టం వచ్చినట్టు సేసుకోండి" అంది. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు, నాకది అసలు నచ్చలేదు.

లోపలికి వెళ్లి మా అమ్మ పెళ్లికిచ్చిన ఇత్తడి కుంకుమ భరిణె తెచ్చాను. మరమూత, బిగిస్తే చీమ కూడా దూరదు. కుంకుమ వేరే గిన్నెలోకి వంచి, ఖాళీ భరిణె ఆమె చేతిలో పెట్టాను.

"దీంట్లో పెట్టు అత్తా. పందికొక్కు ఎట్ల కొరుకుతాదో సూద్దాం."

ఆమె భరిణె వంక, నా వంక చూసింది. "పుట్టింటిది గదమ్మే ఇది. మట్టిలో పెడతావా?"

"పెడతా."

లోపలికి తీసుకెళ్లి చాలాసేపటికి వచ్చింది. మూత చుట్టూ తేనెమైనం కరిగించి పూసింది. "ఏందమ్మే ఇంతసేపు?" అని మామ విసుక్కుంటే, "తొమ్మిది గింజలు ఏరొద్దా?" అని కసిరింది. ఇద్దరం కలిసి గుంట మధ్యలో భరిణె పెట్టాం. పట్ట దించేటప్పుడు పొత్రం పని లేకపోయింది, నాలుగో కొస ఆమె పట్టుకుంది. పట్టుకోవడమే కాదు, మిగతా మూడు కొసలు ఎట్లా పట్టుకోవాలో కూడా చెప్పింది.

చోటు మారిన దుంపలు అలిగాయి. ఆకులు వేస్తున్నాయి కానీ మొగ్గ లేదు. కార్తీకం వచ్చింది, సోమవారాలు ఒక్కొక్కటీ గడిచాయి. అమావాస్య రోజున మామ కావాలనే గట్టిగా, "వంగ నారు యాడ దొరుకుతాదో కనుక్కోనా?" అన్నాడు.

మా అత్త చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "నారెందుకు?"

"కార్తీకం అయిపాయె గదా. నీ షరతు."

"కార్తీకమని ఎవురన్నారు? నేను ధనుర్మాసమని గదా అనింది!" అంది మా అత్త, ఏ మాత్రం తడబడకుండా. మామ నన్ను చూసి కన్ను గీటాడు. అబద్ధం అంత ముద్దుగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

ధనుర్మాసంలో ఒక పొద్దున చలికి ముసుగుదన్ని పడుకున్నాను. వాకిట్లోంచి ఆ పొడుగు గొంతు. "పాపా! ఓ పాపా! బిరీన రా!" పెళ్లయినప్పటి నుంచి 'ఏమ్మే' తప్ప ఆమె నన్ను ఇంకోలా పిలవలేదు. ఏమైందోనని జుట్టు ముడి కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

నీళ్ల మీద ఎర్రకలువ, జానెడు కాడ మీద నిటారుగా నిలబడి పూర్తిగా విచ్చుకుంది. మా అత్త చేతిలో ముగ్గు చిప్ప. వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లింది కానీ గడప ముందర ముగ్గు లేదు. ముగ్గంతా గుంట చుట్టూ వేసి ఉంది, తీగలు తీగలుగా. "పూజకు కోద్దామా అత్తా?" అంటే, "సేయి పెట్టినావంటే సూడు" అని చిప్పతో బెదిరించింది. ఆ పొద్దు పువ్వు చూసి, మా అత్త పెట్టిన ఇడ్లీలు తినేందుకు వీధి వీధంతా మా వాకిట్లోనే ఉంది. ఎవరొచ్చినా ఆమె చెప్పింది ఒకటే. "మా కోడలు కట్టిందబ్బా. కింద ప్లాస్టిక్కు పట్ట. మీకు తెలీదులే."

ఆ తర్వాత గుంట పని ఇద్దరి పనీ అయిపోయింది. ముదిరి పసుపుబారిన ఆకులు నేను తీసేదాన్ని, పాచి ఆమె జల్లెడతో దేవేది. ఎండాకాలం నీళ్లు తగ్గితే, తాగే నీళ్లు అని గొడవ పెట్టిన మనిషే స్నానానికి తోడుకున్న బిందెలో సగం తెచ్చి పోసేది, ఎవరూ చూడట్లేదనుకుని. ఎండ తగిలే అంచున పట్ట నాలుగేళ్లకు పెళుసుబారి అప్పడంలా విరుగుతుంది. అందుకని రాళ్ల సందున తమలపాకు తీగ, గడ్డి పాకించి నీడ పట్టాం. అయినా ఎనభైల నడుమ ఒక వేసవిలో పట్ట మార్చక తప్పలేదు.

ఆ రోజు అడుగు ఒకచోట కుంగిందని తవ్వితే భరిణె బయటికొచ్చింది. ఆకుపచ్చగా చిలుం పట్టింది కానీ మూత చెక్కుచెదరలేదు. గింజలు కొత్తవి పెడదామని మైనం గీకి తెరిచాను. పాత గింజలు పుచ్చి పిండయ్యాయి. ఆ పిండిలో, పెద్ద ఉసిరికాయంత నల్లటి మట్టి ఉండ.

మా వాకిలి ఎరుపు. మా మామ పొలం ఎరుపు. చిత్తూరు చుట్టుపక్కల అంత నల్లటి, నున్నటి బంకమన్ను నేనెక్కడా చూడలేదు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. మా ఊరి చెరువు.

మా అత్త వసారాలో సెనక్కాయలు ఒలుస్తోంది. వెళ్లి ఎదురుగా కూర్చుని ఉండ చూపించాను. "ఇదేంది అత్తా?"

ఆమె చూసి చూడనట్టు ఇంకో కాయ ఒలిచింది. "అదా. నువ్వు గోనెసంచి ఎత్తుకొచ్చిన దినం వసారా అంతా పూసినావే, ఆ బురద. ఊడ్సేటప్పుడు రొంత ఎత్తిపెట్టినా."

"నన్ను తిట్టుకుంటా ఊడ్సినావు గదా!"

"తిట్టేది తిట్టేదే, పెట్టేది పెట్టేదే" అంది. గొంతు తగ్గించి చెప్పింది. "నేనీ ఇంటికొచ్చినప్పుడు పద్నాలుగేండ్లు. మా ఊరి మీద బెంగతో రెండేండ్లు ఏడ్సినా, ఎవురికీ పట్టలే. నువ్వు బస్సులో అంత దూరం మీ ఊరి మన్నెత్తుకొస్తివి. అది ఈ ఇంట్లో యాడన్నా ఉంటే నీకు మనసు నిలస్తాదిలే అనుకున్నా."

పువ్వు పూస్తేనే ఆ ఇంటిదాన్నవుతానని, కార్తీకం అంతా భయపడుతూ గడిపాను. ఆ లెక్క ఆమె మొదటి రోజే, చీపురు చేతిలో పట్టుకుని తేల్చేసింది. ఇన్నేళ్లూ నాకు చెప్పాలని మాత్రం తోచలేదు ఆ మహాతల్లికి.

"ఏడవద్దు పాపా, సెనక్కాయలు తడుస్తాయి" అంది.

మట్టి ఉండ మళ్లీ భరిణెలో పెట్టి, పక్కనే మా వాకిలి ఎర్రమన్ను చిటికెడు వేశాను. కొత్త గింజలు ఆమె ఏరింది. మూత ఇద్దరం కలిసి బిగించి, గుంట మధ్యలో పెట్టి పట్ట పరిచాం.